కన్నీళ్ళు తెప్పించిన సినిమా సీన్లు: నా లెక్కలో చావులు తక్కువ

"మిమ్మల్ని ఏడిపించిన సినిమా సన్నివేశాలు ఏవి? అంతా కల్పితమని తెలిసి కూడా ఎందుకు ఏడుస్తాం?" అని అడిగారు. మొదటి ప్రశ్నకి జవాబు తేలికే. రెండోదానికి నాకు తోచింది చెబుతాను.

ముందే చెప్పేస్తున్నాను, చావు సీన్లకి నాకు ఏడుపు రాదు. మంచం చుట్టూ బంధువులు, వెనకాల వయొలిన్లు, మాట మధ్యలో చెయ్యి జారిపోవడం... అక్కడ తెర మీద వాళ్ళే నా వంతు కూడా ఏడ్చిపెడతారు. నాకు మిగిలేదేం ఉండదు. నా గొంతు పట్టేసే చోటు వేరు. ఒక మనిషి మీద ఉన్న ప్రేమో, గౌరవమో అతని మొహం మీద చెప్పరు. అతను లేనప్పుడు చెబుతారు, లేదా వేరే ఎవరి నోటో చెప్పిస్తారు, లేదా ఆలస్యమైపోయాక చెబుతారు. అది అతని చెవిన పడిందంటే నేను అయిపోయినట్టే.

అలాంటి వాటిలో మొదటిది "7/జి బృందావన కాలనీ"లో తండ్రి సీను. సెల్వరాఘవన్ తీసింది, 2004లో వచ్చింది. పనికిమాలినవాడు అని ఇంట్లో రోజూ తిట్లు తినే కుర్రాడికి హీరో హోండాలో ఉద్యోగం వస్తుంది. ఎదురుగా ఉన్నంతసేపూ తండ్రి ముభావంగానే ఉంటాడు. రాత్రి అందరూ పడుకున్నాక భార్య దగ్గర కూర్చుని, కొడుకు ఎంత గొప్ప పని చేశాడో చెప్పుకుని కన్నీళ్ళు పెట్టుకుంటాడు. ఆ మాటలు బయట ఉన్న కొడుక్కి వినబడతాయి. తండ్రి చంద్రమోహన్. ఆయన అన్ని దశాబ్దాల్లో ఎన్ని వేషాలు వేశారో గానీ, నాకు ఆయన పేరు చెప్పగానే ఆ కొద్ది నిమిషాలే గుర్తొస్తాయి.

ఆ సినిమా నేను ఖమ్మంలో సెకండ్ షో చూశాను. డిగ్రీ అయిపోయి ఖాళీగా తిరుగుతున్న రోజులు. హాల్లో సగం మంది నాలాంటివాళ్ళే. అప్పటిదాకా హీరోయిన్ కనబడితే చాలు ఈలలు వేసిన బ్యాచి ఆ సీనుకి కిక్కురుమనలేదు. అది అయ్యీ కాకుండానే నలుగురైదుగురు లేచి బయటికి పోయారు. సిగరెట్టుకని చెప్పారు. ఇంటర్వెల్‌లో కాల్చి వచ్చినవాళ్ళే.

తర్వాత నాకూ ఉద్యోగం వచ్చింది. నాన్నకి చెబితే, "జాయినింగ్ ఎప్పుడు? బట్టలున్నాయా?" అన్నాడు. అంతే. కొన్ని నెలలకి ఊరెళ్ళి మంగలి షాపులో కూర్చుంటే, గడ్డం గీస్తున్నాయన నా జీతం రూపాయలతో సహా చెప్పాడు! ఏ కంపెనీ, ఏ ఏరియాలో ఆఫీసు, భోజనం వాళ్ళే పెడతారటగా... అన్నీ తెలుసు ఆయనకి. మన ఇళ్ళలో కొడుకుని ఎదురుగా మెచ్చుకుంటే దిష్టి తగులుతుందనో, నెత్తికెక్కుతాడనో భయం. సుమతీ శతకంలో కూడా చూడండి, పుత్రోత్సాహం తండ్రికే రాశాడు గానీ పొగిడే పని మాత్రం జనాలకి అప్పజెప్పాడు.

"జెర్సీ" (2019) రైలు సీను గురించి ఇక్కడ ఇప్పటికే చాలామంది రాసి ఉంటారు, అయినా వదలలేను. ఆట వదిలేసి పదేళ్ళయిన అర్జున్ ముప్పై ఆరేళ్ళ వయసులో మళ్ళీ బ్యాటు పట్టి హైదరాబాద్ రంజీ జట్టుకి ఎంపికవుతాడు. అప్పుడు అతను చేసే పని, రైల్వే స్టేషన్‌కి వెళ్ళి రైలు వచ్చేదాకా ఆగడం. రైలు రాగానే ఆ హోరులో గొంతు చించుకుని అరుస్తాడు. ఆనందాన్ని కూడా ఎవరికీ వినబడకుండా చూసుకునే మనిషి. గౌతమ్ తిన్ననూరి రాసిన ఇంకో సీనేదైనా అయితే తెలివిగా రాశాడు అనేవాణ్ణి. దీన్ని మాత్రం రాసింది అనిపించదు. నాని కూడా దాని తర్వాత ఎన్ని మంచి సినిమాలు చేసినా నాకు ఆ ప్లాట్‌ఫామ్ మీదే కనబడతాడు. నా భార్య మాత్రం "ఇంట్లో అంత అప్పుల బాధ పడుతుంటే ముందు పెళ్ళాంతో చెప్పొచ్చుగా" అంటుంది. అదీ నిజమే.

ఇక "ఏడుపు సినిమా" అనగానే మా తరానికి "మాతృదేవోభవ". దీని సంగతి నాకు కొంచెం వేరే వైపు నించి తెలుసు. మా మేనమామ సత్తుపల్లి వైపు ఒక హాల్లో ఆపరేటర్. సెలవులిస్తే నేను అక్కడే ఉండేవాణ్ణి. క్యాబిన్‌లో రెండు ప్రొజెక్టర్లు, కార్బన్ కడ్డీలు కాలుతూ ఒకటే వేడి. మామయ్య సినిమా చూసేవాడు కాదు, తెర కుడివైపు పై మూలన చుక్క ఎప్పుడు పడుతుందా అని చూసేవాడు. చుక్క పడితే రీలు అయిపోవచ్చిందని గుర్తు, రెండో మిషన్ ఎత్తుకోవాలి. కథ ఆయనకి చెవులతోనే తెలిసేది. ఫలానా రీల్లో నవ్వుతారు, ఫలానా రీల్లో ఈలలు అని చెప్పేవాడు. ఈ సినిమా ఆడినన్నాళ్ళూ మ్యాట్నీకి ఆడవాళ్ళే నిండిపోయేవాళ్ళు. పిల్లల్ని దత్తత ఇచ్చే రీలు మొదలయ్యిందంటే సోడాలమ్మే కుర్రాడు కూడా లోపలికి వెళ్ళేవాడు కాదు. వెళ్ళినా ఎవరూ కొనరని కాదు, వాడికే బాగోదట.

పెద్దయ్యాక మళ్ళీ చూస్తే, నిజం చెప్పాలంటే, కష్టాలు కుప్పపోసినట్టు అనిపించింది. తాగుడుకి బానిసైన భర్త, అతని చావు, ఆ తర్వాత ఆమెకి క్యాన్సర్. ఒకటి నించి తేరుకోకముందే ఇంకోటి. మలయాళంలో సిబి మలయిల్ తీసిన "ఆకాశదూతు"కి ఇది రీమేక్, రెండింటిలోనూ తల్లి మాధవే. తెలుగులో కె. అజయ్ కుమార్ తీశారు. ఇంత విమర్శించినా ఒక్క చోట మాత్రం ఇప్పటికీ తట్టుకోలేను. ఎవరింటికి ఏ పిల్ల, ఎవరింటికి ఏ పిల్లాడు అని తల్లి తనే కూర్చుని లెక్క చూసుకోవడం, వికలాంగుడైన కొడుకు దగ్గరికి వచ్చేసరికి ఎవరూ ముందుకు రాకపోవడం. ఆమె ఏడ్చినప్పుడు కాదు, లెక్క చూసుకునేటప్పుడు ఏడుపొస్తుంది. పైన "రాలిపోయే పువ్వా" పాట. వేటూరి రాసి కీరవాణి స్వయంగా పాడింది. శ్రీశ్రీ తర్వాత పాటకి జాతీయ అవార్డు తెచ్చుకున్న తెలుగు కవి వేటూరి, అదీ ఈ పాటకే.

మా అమ్మమ్మకి మాత్రం ఇవేవీ ఆనేవి కాదు. "హరిశ్చంద్ర కాటి సీను చూశార్రా మీరు?" అనేది. బలిజేపల్లి వారి నాటకం, మధ్యలో జాషువా శ్మశాన పద్యాలు. ఊళ్ళో రాత్రంతా ఆడేవాళ్ళు. కాటికాపరిగా ఉన్న రాజు, కొడుకు శవాన్ని మోసుకొచ్చిన ఆడమనిషిని సుంకం కట్టమంటాడు. పైకం లేదంటే మెళ్ళో మంగళసూత్రం ఉందిగా అంటాడు. అది భర్తకి తప్ప ఇంకెవరికీ కనబడని సూత్రం! ఆ ఒక్క మాటతో ఎదురుగా ఉన్నది ఎవరో ఆమెకి తెలిసిపోతుంది. హార్మోనియం మీద పద్యం ఎత్తుకోకముందే జనం కళ్ళు ఒత్తుకునేవాళ్ళట. కథ అందరికీ తెలిసిందే, చివర్లో పిల్లాడు బతుకుతాడనీ తెలుసు. అయినా ప్రతి ఏడూ ఏడ్చేవాళ్ళు. కల్పితమని తెలిసీ ఎందుకు ఏడుస్తాం అన్నారు కదా, ఏం జరుగుతుందో తెలియక ఏడ్చేవాళ్ళయితే మొదటి ఏడే ఆగిపోవాలి.

"సాగర సంగమం" (1983) గురించి రాయడం మొదలుపెడితే ఆగను కాబట్టి ఒక్క సీనే. బాలు పేదవాడు. తల్లి పెళ్ళిళ్ళకి వంట చేస్తుంది. నాట్యం అన్నీ నేర్చుకున్నాడు గానీ వేదిక దొరకలేదు. స్నేహితురాలు మాధవి (జయప్రద వేసిన పాత్ర) ఢిల్లీలో జరిగే నృత్యోత్సవం ఆహ్వాన పుస్తకం చేతికిస్తుంది. వాడు ఒక్కో పేజీ తిప్పుతూ పెద్ద పెద్ద కళాకారుల ఫొటోలు చూసి మురిసిపోతుంటాడు, వాళ్ళ ఆట చూడబోతున్నాం అనుకుని. ఇంకో పేజీ తిప్పితే తన ఫొటో. అక్కడ కమల్ హాసన్ మొహంలో నవ్వెక్కడ ఆగి ఏడుపెక్కడ మొదలైందో పట్టుకోవడం నా వల్ల ఇప్పటికీ కాలేదు. కె. విశ్వనాథ్ ఆ పిల్ల చేత "నువ్వు గొప్పవాడివి" అని ఒక్క ముక్క కూడా అనిపించనక్కర్లేకపోయింది. అచ్చు వేయించి చేతిలో పెట్టింది, అంతే. తీరా ఆ ఉత్సవం నాటికి తల్లి పోతుంది, ఆ వేదిక వాడికి దక్కదు. నాకు తల్లి చావు దగ్గర వచ్చిన కన్నీళ్ళ కన్నా ఈ పేజీల దగ్గర వచ్చినవే ఎక్కువ.

"ఆ నలుగురు" కూడా ఈ కోవలోదే. చచ్చిపోయినాయన ఆత్మ పక్కన నిలబడి, తన శవం చుట్టూ ఎవరేం మాట్లాడుతున్నారో వింటుంది. రాజేంద్రప్రసాద్ అంతకుముందు మనల్ని నవ్వించిన బాకీ అంతా అందులో వసూలు చేసుకున్నాడు.

"బలగం" (2023) చూసింది మాత్రం థియేటర్లో కాదు. మా అత్తగారి ఊళ్ళో పంచాయతీ ముందు తెర కట్టి వేశారు. ఆ ఏడాది తెలంగాణలో చాలా ఊళ్ళు అలాగే చూశాయి. కొమురయ్య అనే ముసలాయన పోతాడు, పిండం పెడితే కాకి ముట్టదు. ఎందుకు ముట్టడం లేదంటే, ఎప్పుడో ఇరవై ఏళ్ళ నాడు భోజనాల దగ్గర నల్లిబొక్క (మాంసంలో మూలుగ ఉండే ఎముక) కోసం బావా బావమరుదుల మధ్య లేచిన గొడవ. దాంతో కూతురికి పుట్టింటి గడప లేకుండా పోయింది. వినడానికి నవ్వులాటగా ఉంటుంది. కానీ ఆ రోజు తెర ముందు కూర్చున్నవాళ్ళలో ఇలాంటి కారణాలకే మాటల్లేని అన్నదమ్ములు ఎంతమందో ఊరందరికీ తెలుసు. మా మామగారూ, ఆయన చిన్నతమ్ముడూ అందులో ఒక జత. గట్టు దగ్గర ఒక చెట్టు కొట్టిన గొడవ వాళ్ళది.

చివర పదకొండో రోజు, ఊరూరా తిరిగి కథలు పాడే బుడగజంగాల దంపతులు వచ్చి పాట అందుకుంటారు. పాడింది నిజంగానే ఆ కళ మీద బతికిన మొగిలయ్య, కొమురమ్మ. మొగిలయ్య 2024 డిసెంబరులో పోయారు. దర్శకుడు వేణు యెల్దండి ఇక్కడ ఒక మంచి పని చేశాడు. అన్నదమ్ములని కూర్చోబెట్టి బుద్ధి చెప్పే పెద్దమనిషిని పెట్టలేదు. పాడేవాళ్ళు పోయినాయన గురించి పాడుతున్నారు, ఆయన ఎవరెవరి కోసం ఎట్లా బతికాడో చెబుతున్నారు. వినాల్సినవాళ్ళు పక్కనుండి వింటున్నారు. మా వరసలో ఏడవని మనిషి లేడు. మా అత్తగారైతే కొంగు నోట్లో కుక్కుకుంది. మామగారు, బాబాయిగారు ఆ రోజు కౌగిలించుకున్నారా అంటే లేదు, అలాంటివి పేపర్లలో చదివాను. వీళ్ళిద్దరూ ఎవరి కుర్చీ వాళ్ళు మడిచి ఇంటికెళ్ళారు. దసరాకి మాత్రం బాబాయిగారింటి నించి, పెద్దాయన చేతిలో జమ్మి ఆకు పెట్టి దండం పెట్టడానికి వాళ్ళబ్బాయి వచ్చాడు.

ఇక ఎందుకు ఏడుస్తాం అన్నదానికి నాకు తోచింది. ఇంట్లో ఏడిస్తే ఎవరో ఒకరు ఏమైంది అని అడుగుతారు. జవాబు చెప్పాలి. నాన్న ఒక్కసారి బాగుందిరా అంటే బాగుండేది అని ముప్పై దాటినవాడు ఎవరికి చెప్పుకుంటాడు? హాల్లో అయితే చీకటి, అందరూ ముందుకే చూస్తుంటారు, కారణం చంద్రమోహన్ మీద తోసెయ్యొచ్చు. మగవాళ్ళు సినిమాల్లో ఎక్కువగా తండ్రి సీన్లకే ఏడవడం నేను చూశాను, తల్లి సీన్లకి కాదు. అమ్మతో మాటలు మిగిలిపోవు. నాన్నతోనే మిగిలిపోతాయి.

చివరగా, ఇవి చూడాలనుకుంటే దయచేసి యూట్యూబ్‌లో ముక్కలుగా చూడకండి. పైన చెప్పిన సీన్లన్నీ అక్కడ మూడు నాలుగు నిమిషాల క్లిప్పులుగా దొరుకుతాయి. ఈ మధ్య మా ఆఫీసులో ఒక కుర్రాడికి జెర్సీ రైలు క్లిప్పు చూపిస్తే, "ఎందుకన్నా అట్లా అరుస్తున్నాడు?" అన్నాడు. తప్పు వాడిది కాదు. అంతకుముందు గంటకు పైగా కొడుకు జెర్సీ కోసం ఐదొందలు దొరక్క అర్జున్ ఎవరెవరి దగ్గర తలొంచుకున్నాడో వాడు చూడలేదు. ఆ ఐదొందలు తెలియకపోతే రైలు వట్టి రైలే. మొత్తం సినిమా పెట్టుకోండి, ఫోన్ అవతల పెట్టండి. 7/జి అయితే వీలుంటే ఒక్కరే చూడండి.