ముందు కొన్నవాళ్ల జేబుకే ఎందుకు చిల్లు?

మీరడిగింది: కొత్త టెక్నాలజీ ముందు కొన్నవాళ్లకు అంత ధర ఎందుకు, రెండేళ్లకే అదే వస్తువు సగానికి ఎలా వస్తుంది, ఇదంతా కంపెనీల దోపిడీ కాదా అని.

కొంత దోపిడీయే. కొంత కాదు. నా ఎల్ఈడీ బల్బుల సంగతి చెప్తా.

మాది నల్లగొండ జిల్లా, హాలియా దగ్గర. 2013లో, అప్పటికింకా తెలంగాణ రాలేదు, నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక షాపులో నాలుగు ఎల్ఈడీ బల్బులు కొన్నా. ఒక్కోటి 650. ఇంటికొచ్చి ధర చెప్తే మా నాయిన, "ఒక్క బల్బు పైసలతో రెండు బస్తాల యూరియా వచ్చేది గద బిడ్డా!" అన్నాడు. లెక్క నిజమే. పైగా బోరు మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ అయితే మా దగ్గర వోల్టేజీ ఊగిపోయేది. ఎనిమిది నెలల్లో రెండు బల్బులు పోయాయి. ఆ షాపాయన "కరెంటు మీదేగా" అని చేతులు దులుపుకున్నాడు.

తర్వాత చూడండి. ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ 2014 మొదట్లో బల్బుకు 310 రూపాయలు పెట్టి కొన్నది. 2016 కల్లా అది 40 లోపుకు దిగింది. కోట్లలో ఆర్డర్ ఇస్తే ఫ్యాక్టరీ పెట్టుబడి ఒక్కో బల్బు మీద పైసల్లో పడుతుంది. పది వేలే అమ్ముడైతే ఆ బరువంతా ఆ పది వేల మంది మీదే.

చేయి తిరగడం కూడా ఉంది. థియోడర్ రైట్ అనే అమెరికా ఇంజనీరు 1936లోనే విమానాల లెక్క తీశాడు: తయారైన మొత్తం సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కోదానికి పట్టే కూలి దాదాపు 20 శాతం తగ్గుతోందని. మొదట్లో పాడై పక్కన పడేసే సరుకు ఎక్కువ, దాని ఖర్చూ మంచి సరుకు ధరలోనే కలుస్తుంది. ఇప్పుడు బల్బు డబ్బాల మీద ఇంత నుంచి ఇంత వోల్టేజీ తట్టుకుంటుందని రాసి ఉంటుంది. మాలాంటి ఊళ్లలో మాడిపోయిన బల్బులు నేర్పిన పాఠమే అదని నా అనుమానం.

ఇక దోపిడీ. ఆగలేనివాడు ఎంతైనా పెడతాడని కంపెనీకి తెలుసు. 2007 జూన్‌లో మొదటి ఐఫోన్ 8 జీబీ మోడల్ 599 డాలర్లు. రెండు నెలలు దాటగానే 399 చేశారు. అంత తక్కువ రోజుల్లో తయారీ ఖర్చు 200 డాలర్లు తగ్గిందంటే నేను నమ్మను. ముందు కొన్నవాళ్లు గొడవ చేస్తే స్టీవ్ జాబ్స్ వాళ్లకు 100 డాలర్ల స్టోర్ క్రెడిట్ ఇచ్చాడు. మనకు అదీ లేదు.

నా నాలుగింటిలో ఒకటి మాత్రం బత్తాయి తోటలో మోటారు కొట్టం దగ్గర చాలా ఏళ్లు వెలిగింది. కొత్తవాళ్లు ఎవరొచ్చినా నాయిన దాన్ని చూపించి "ఇది రెండు బస్తాల బల్బు" అనేవాడు.