జనుము మీద సీతాకోకచిలుకలు: మందు కొట్టాలా?

ప్రశ్న: ఉభాలకు (వరి నాట్లకు) ముందు పచ్చిరొట్ట (పచ్చిగానే దున్ని మట్టిలో కలిపే ఎరువు) కోసం ఎకరన్నరలో జనుము చల్లాను. 40 రోజులైంది, పూత మొదలైంది. నలుపు, తెలుపు, ఎరుపు మచ్చల గొంగళి పురుగులు ఆకు తింటున్నాయి. నీలి చారల సీతాకోకచిలుకలు గుంపులుగా వాలుతున్నాయి. మందు కొట్టాలా? ఆవుకి కోసి వేయవచ్చా?
– ఒక రైతు, గుర్ల మండలం, విజయనగరం జిల్లా

జవాబు: మందు డబ్బులు దండగ. వారంలో దున్నేసే పైరుకి పురుగు కొంత ఆకు తింటే మీకొచ్చే నష్టం లేదు.

సీతాకోకచిలుకలు అసలు పైరు తినడానికి రాలేదు. జనుము, గట్ల మీద మొలిచే గిలిగిచ్చ, అన్నీ క్రొటలేరియా అనే ఒకే ప్రజాతి మొక్కలు. వీటిలో ఒక రకం చేదు విషం ఉంటుంది. వాడిన ఆకులు, దెబ్బతిన్న కొమ్మల నుంచి నీలి చారల మగ సీతాకోకచిలుకలు ఆ రసం పీల్చుకుంటాయి. ఆడవాటిని ఆకర్షించే వాసన దానితోనే తయారవుతుంది. ఒంట్లో ఆ చేదు ఉంటే పిట్టలూ ముట్టవు. గొంగళి పురుగుదీ అదే ఎత్తు: ఆకుతో పాటు విషాన్నీ తిని, రెక్కలొచ్చాక కూడా దాచుకుంటుంది.

ఆవు సంగతి దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ విషం పశువుల కాలేయాన్ని దెబ్బతీస్తుంది, గింజల్లో ఎక్కువగా ఉంటుంది. పూతకు ముందు కోసి, ఎండుగడ్డిలో కొద్దిగా కలిపి మేపేవాళ్లున్నారు. మీది పూతకొచ్చింది కాబట్టి నేనైతే వేయను. కాయ పట్టిన చేలోకి మేకల్ని కూడా తోలొద్దు.

దున్నే ముందు ఒక మొక్క పీకి వేరుబుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే నత్రజని బాగా పడుతున్నట్టే. సగం మొక్కలు పూసేసరికి, అంటే 45 రోజులకు అటూ ఇటూగా దున్నండి. ఆలస్యమైతే కాడ నారకట్టి కుళ్లదు. ఎకరాకు 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ చల్లి, నీరు పెట్టి కలియదున్ని, పది రోజులాగి ఉభాలు వేయండి. రొట్ట బాగా వచ్చుంటే యూరియా బస్తా దాకా తగ్గించుకోవచ్చు. ఒక్క మాట, జనుము నిలవనీటికి ఆగదు. నీరు నిలిచే పల్లపు మడి ఏదైనా ఉంటే వచ్చే ఏడు అక్కడ జీలుగ చల్లండి.

విత్తనం సొంతంగా కావాలంటే మెరక గట్టు వెంట రెండు వరుసలు వదిలేయండి. ఈ పువ్వు తనంతట తాను కాయ కట్టదు. బరువైన నల్ల తుమ్మెద వాలి రేకులు విచ్చదీసి, పుప్పొడి ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోయాలి. మందు వద్దనడానికి అదీ ఒక కారణం. కాయ ఎండి, ఊపితే గలగలమన్నప్పుడు కోసుకోండి.