రెండు తలుపుల బండి, పావుగంట టెస్ట్ డ్రైవ్

ప్రశ్న: నమస్తే అండీ. మేం టెక్సస్‌లో, ప్లానోలో ఉంటాం. పదేళ్లుగా ఒకే సెడాన్ నడిపి నడిపి విసుగొచ్చింది. ఈమధ్య ఒక డీలర్ దగ్గర 2016 హోండా అకార్డ్ కూపే కనబడింది. వీ6, ఆటోమేటిక్, 84 వేల మైళ్లు తిరిగింది, ఎర్ర రంగు. శనివారం టెస్ట్ డ్రైవ్‌కి రమ్మన్నారు. మా ఆవిడేమో "రెండు తలుపుల బండి ఏం చేసుకుంటాం, జూన్‌లో మా నాన్నగారు వాళ్లు వస్తున్నారు" అంటోంది. వాళ్లిచ్చే పదిహేను నిమిషాల్లో బండి మంచీచెడూ ఎలా తెలుస్తుంది?
పేరు వద్దన్న పాఠకుడు, ప్లానో

జవాబు: అడక్కుండానే ఎర్ర రంగు అని రాశారు చూడండి, మీ మనసు అప్పుడే సగం సంతకం పెట్టేసిందని అక్కడే తెలిసిపోయింది. తప్పేం లేదు, లెక్కలేసుకుని కూపే కొన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. మిగతా సగం సంతకం మాత్రం శనివారమే పెట్టకండి.

ముందు బండి సంగతి. అకార్డ్ కూపే 2017 మోడల్‌తో ఆగిపోయింది, ఆ తర్వాతి అకార్డ్‌లన్నీ నాలుగు తలుపులవే, కాబట్టి ఎక్కడ వెతికినా దొరికేది వాడిన బండే. వీ6 అంటే ఆరు సిలిండర్ల ఇంజిన్, 3.5 లీటర్లు, 278 హార్స్‌పవర్, అయినా మామూలు 87 గ్యాస్ (ఆక్టేన్ 87 పెట్రోలు) చాలు. ఫ్రీవే ర్యాంప్ మీద గట్టిగా తొక్కారంటే బండి ఒక్క ఉదుటున లేస్తుంది, మీరు నవ్వుతారు, పక్క సీట్లో సేల్స్‌మన్ కూడా నవ్వుతాడు. అదంతా రెండు నిమిషాల ముచ్చట. మిగతా పదమూడు నిమిషాలూ దేనికి వాడతారో ముందే అనుకుని వెళ్లండి.

నేనైతే ఆ నిమిషాల్ని సరిగ్గా వాడుకోలేదు. కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజుల్లో ఒక పాత కూపే కొన్నాను, ఏ కంపెనీదో ఇప్పుడెందుకు లెండి. సేల్స్‌మన్ "సౌండ్ సిస్టమ్ ఒకసారి వినండి" అని పాట పెట్టి వాల్యూమ్ పెంచాడు, నాకూ ఊపొచ్చింది, అలా పాటల్లోనే టెస్ట్ డ్రైవ్ అయిపోయింది. మర్నాడు పొద్దున రేడియో పెట్టకుండా ఫ్రీవే ఎక్కితే, 50 మైళ్ల స్పీడు దాటగానే వెనక నుంచి తుమ్మెదని రేకు డబ్బాలో పెట్టి మూత వేసినట్టు ఒకటే రొద. చక్రం నున్నగా తిరిగేలా చూసే వీల్ బేరింగ్ పోయింది. ఫోన్ చేస్తే "నిన్న మీరే నడిపారు కదండీ" అన్నాడు. నడిపాను మరి, ఏమంటాను.

అందుకని ఎక్కగానే రేడియో ఆపండి, కాసేపు ఏసీ కూడా ఆపండి. 50 దాటాక, పక్కన బండ్లేవీ లేనప్పుడు, స్టీరింగ్‌ని కొద్దిగా ఇటూ అటూ తిప్పి చూడండి. ఎడమకి తిప్పినప్పుడు రొద పెరిగితే బరువు పడే కుడి వైపు బేరింగ్‌ని అనుమానించాలి, కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమది. ఎటు తిప్పినా ఒకేలా ఉంటే చాలావరకు టైర్ల చప్పుడే. టైరు పక్కన డాట్ అనే అక్షరాల తర్వాత చివర్న నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. నాలుగు టైర్లూ నాలుగు కంపెనీలవైతే ముందున్న ఓనరు ఎలాంటివాడో ఇంకెవరినీ అడగక్కర్లేదు.

ఇంకో మాట, ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చెయ్యాలి. షాపు తెరిచే వేళకే వెళ్లండి, "నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు" అని ముందు రోజు ఫోన్లో చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఎందుకని అడగండి. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంతుందో చూడండి, స్టార్ట్ చేశాక వెనక నీలం పొగ వస్తోందేమో చూడండి.

మీరు చూస్తున్న ఆటోమేటిక్ వీ6లో ఒక ఏర్పాటు ఉంది. నిదానంగా, ఒకే స్పీడులో పోతున్నప్పుడు గ్యాస్ మిగల్చడానికి ఆరు సిలిండర్లలో మూడింటిని ఆపేస్తుంది. అప్పుడు పుట్టే వణుకు లోపలికి రాకుండా ఇంజిన్‌ని పట్టి ఉంచే మౌంట్లు చూసుకుంటాయి. మౌంట్లు అరిగితే 45, 50 మైళ్ల దగ్గర యాక్సిలరేటర్ తేలిగ్గా నొక్కి పెట్టినప్పుడు సీటు కిందా స్టీరింగ్‌లోనూ సన్నటి జలదరింపు తెలుస్తుంది. గట్టిగా తొక్కుతూ పోయేవాడికి ఇది ఎప్పటికీ తెలీదు, అందుకే కనీసం రెండు మైళ్లు మీ మామగారు పక్కన కూర్చున్నట్టే నడపండి. (మాన్యువల్ వీ6 కూపేలో ఈ ఏర్పాటే లేదు. అది దొరికితే నాకు చెప్పండి, మీరు కొనకపోయినా నేను చూసుకుంటాను.)

ఈ వీ6కి ఇంజిన్ లోపలి భాగాల్ని ఒకే లయలో తిప్పడానికి టైమింగ్ బెల్ట్ ఉంటుంది, చైన్ కాదు. సాధారణంగా లక్ష మైళ్ల దగ్గర్లో మారుస్తారు, మైళ్లతో పాటు వయసు కూడా లెక్కే. సర్వీస్ కాగితాల్లో మార్చినట్టు లేకపోతే, వాటర్ పంపుతో కలిపి వెయ్యి డాలర్ల పైనే అవుతుందనుకుని ఆ మేరకు ధర తగ్గించమనండి.

రూట్ విషయంలో డీలర్ మాట వినకండి. వాళ్ల రూట్ అంటే బయటికెళ్లి నాలుగు కుడి మలుపులు తిరిగి మళ్లీ లాట్‌లోకి రావడం. మీరు 75 నంబర్ ఫ్రీవే ఎక్కండి. మన కాంక్రీట్ రోడ్ల అతుకుల మీద టప్ టప్ అని వస్తుందే, అది చెవికి ఎంత తగులుతోందో, నడుముకి ఎంత తగులుతోందో చూసుకోండి. వెనక ఎవరూ లేనప్పుడు 60 నుంచి 20కి గట్టిగా బ్రేక్ వెయ్యండి. స్టీరింగ్ వణికితే బ్రేక్ రోటర్లు (చక్రాల దగ్గరుండే బ్రేక్ పళ్లేలు) చూపించాలి, బండి ఒక పక్కకి లాగితే అదీ రాసుకోండి. పూర్తిగా తొక్కినప్పుడు స్టీరింగ్ కాస్త పక్కకి గుంజడం వేరు, అంత బలం ముందు చక్రాలకే వెళ్తుంది కాబట్టి అది దాని స్వభావం. ఫ్రీవే కింద యూటర్న్ లేన్‌లో తిరిగి రండి. ఆఖర్న ఏదైనా ఖాళీ పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉంచి మెల్లగా ఒక చుట్టు కొట్టండి. ముందు చక్రాల దగ్గర టకటకమంటే యాక్సిల్ జాయింట్ పని చెప్తోందన్నమాట.

ఇక మీ ఆవిడ మాట. ఆవిడ అడిగింది నూటికి నూరుపాళ్లు సరైన ప్రశ్న, టెస్ట్ డ్రైవ్‌కి వెంట తీసుకెళ్లండి. కూపే తలుపు పొడుగ్గా ఉంటుంది. డీలర్ లాట్‌లో రెండు వైపులా ఖాళీ ఉంటుంది కనక తెలీదు, అదే శనివారం సాయంత్రం ఇండియన్ స్టోర్ ముందు రెండు మినీవ్యాన్ల మధ్య పార్క్ చేసి, తలుపు జానెడే తెరుచుకుంటే, చేతిలో బియ్యం బస్తాతో ఎలా ఎక్కుతారో ఊహించుకోండి. సీట్‌బెల్ట్ కూడా బాగా వెనక ఉంటుంది, ప్రతిసారీ భుజం తిప్పి అందుకోవాలి. వెనక సీట్లోకి మీరే ఎక్కి చూడండి. ఎక్కడం ఎలాగో అయిపోతుంది. దిగేటప్పుడు మోకాలు ముందు సీటుకి కొట్టుకుని, తల వంచి, ఒక చేత్తో తలుపు పట్టుకుని లేవాలి, అరవై దాటిన మనిషిని అలా దిగమనగలమా? మామగారు ముందు సీట్లో కూర్చుంటారు, అత్తగారూ మీ ఆవిడా వెనక కూర్చోవాలి. అందుకని సగం టెస్ట్ డ్రైవ్ ఆవిణ్ణి వెనక కూర్చోబెట్టే చెయ్యండి. ఏమంటుందో డబ్బు కట్టకముందే వినడం నయం. ఇంట్లో ఇంకో నాలుగు తలుపుల బండి ఉంటే ఈ గొడవంతా తీసెయ్యండి, హాయిగా కొనుక్కోండి.

మన దగ్గర వడగళ్ల బాధ మీకు తెలిసిందే. బండిని నీడలో చూడకండి, పొద్దుటి ఎండలో టాప్ మీదా బానెట్ మీదా ఏటవాలుగా చూపు పెడితే చిన్న చిన్న గుంటలు కనబడతాయి. నీళ్లలో మునిగిందేమో కూడా చూడాలి. 2017లో హార్వే తుఫానుకి హ్యూస్టన్ వైపు బోలెడు బండ్లు మునిగాయి, ఆ తర్వాతి వానలకి మునిగినవీ ఉంటాయి. సీట్‌బెల్ట్‌ని చివరిదాకా లాగండి. పైపైన అంతా కడిగినా ఆ లోపలి చుట్టలో బురద చార ఉండిపోతుంది, వాసన కూడా చెప్తుంది.

2025 జనవరి నుంచి టెక్సస్‌లో సొంత బండ్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. మీ కాలిన్ కౌంటీలో పొగ పరీక్ష మాత్రం ఉంది, కానీ అందులో పాసయినంత మాత్రాన బ్రేకులు బాగున్నట్టు కాదు. కాబట్టి డీలర్‌తో సంబంధం లేని మెకానిక్‌కి ఒకసారి చూపించండి, నూటయాభయ్యో రెండొందలో తీసుకుంటాడు. చూపించడానికి డీలర్ ఒప్పుకోకపోతే అక్కణ్ణుంచి వచ్చెయ్యండి. పదిహేడు అక్షరాల విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) కొడితే పెండింగ్ రీకాల్స్, అంటే లోపం సరిచెయ్యడానికి కంపెనీ వెనక్కి పిలిచినవి, ఉన్నాయో లేదో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో ఉచితంగా తెలుస్తుంది. మూడు రోజుల్లో బండి వెనక్కి ఇచ్చెయ్యొచ్చని చాలామంది అనుకుంటారు. కాగితంలో రాసిస్తే తప్ప డీలర్ దగ్గర కొన్న బండికి అలాంటి హక్కేం లేదు. నచ్చిందని మాత్రం లాట్‌లో పైకి అనకండి, కార్లో ఇంటికొస్తూ మీ ఆవిడతో అనుకోండి.

ప్రశ్న: నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. మస్టాంగ్ అంటే కాలేజీ రోజుల నుంచీ పిచ్చి. హైదరాబాద్‌లో గేర్ల బండి మీదే నేర్చుకున్నాను, మావారికి కార్ల గొడవే పట్టదు, అయినా షోరూంలో సేల్స్ వాళ్లంతా ఆయనతోనే మాట్లాడతారు! 2.3 టర్బో తీసుకోనా, జీటీ మాన్యువల్‌కి వెళ్లనా?
ఒక పాఠకురాలు, సియాటిల్

జవాబు: ఈసారి మీవారిని ఇంట్లో వదిలెయ్యండి, లేదా వెనక సీట్లో కూర్చోబెట్టండి, అక్కడ కూర్చున్న మనిషికి మాట్లాడే ఓపిక ఉండదు.

2024 మోడల్‌తో వచ్చిన కొత్త మస్టాంగ్‌లో 2.3 టర్బో 315 హార్స్‌పవర్, ఆటోమేటిక్ మాత్రమే. చేత్తో గేర్లు వెయ్యాలంటే 5 లీటర్ల వీ8 జీటీయే, 480 హార్స్‌పవర్. మీ ఎత్తుకి ఇంజిన్ కంటే సీటు ముఖ్యం. క్లచ్ నేలకి తగిలేదాకా తొక్కండి, అప్పటికీ మోకాలు కొంచెం వంగే ఉండాలి. అలా అని సీటు మరీ ముందుకి జరిపితే స్టీరింగ్ గుండెకి దగ్గరవుతుంది. ఎయిర్‌బ్యాగ్ ఉంది కాబట్టి మధ్యలో పది అంగుళాలైనా ఉండాలి, టేపు తీసుకెళ్లి కొలవండి, సిగ్గుపడొద్దు. సీటు పైకి ఎత్తి చూస్తే బానెట్ చివర ఎక్కడుందో కనబడుతోందా? దానిది చాలా పొడుగు ముక్కు.

హైదరాబాద్‌లో మీరు ఎడమ చేత్తో గేర్లు వేశారు, ఇక్కడ కుడి చెయ్యి. నా మొదటి రోజు నేను సెకండ్ గేర్ కోసం మూడుసార్లు తలుపుని గుద్దాను. కాళ్లు మర్చిపోవు, చేతికే నాలుగు రోజులు పడుతుంది. క్వీన్ యాన్ గుట్ట లాంటి ఎత్తు మీద, రెడ్ లైట్ దగ్గర, వెనక బండి ఆనుకుని ఉండగా ఆగి కదిలి చూడండి. ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా పట్టి ఉంచే హిల్ స్టార్ట్ సాయం చేస్తుంది, అయినా మీకు టెన్షన్ వస్తే రోజూ వస్తుంది.

వాన పడుతున్న రోజే వెళ్లండి, మీ ఊళ్లో దానికేం కరువు. బలమంతా వెనక చక్రాలకి వెళ్లే బండి, తడి రోడ్డు మీద మలుపులో మీ కాలు ఎంత మెత్తగా ఉండాలో అప్పుడు తెలుస్తుంది. జీటీకి పర్ఫార్మెన్స్ ప్యాక్ వేయించుకుంటే సమ్మర్ టైర్లు వస్తాయి. 45 ఫారెన్‌హీట్ కిందకి దిగితే వాటి రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది, చలికాలానికి ఇంకో సెట్ కావాలి. నన్నడిగితే ముందు రెండిటికీ ఇన్సూరెన్స్ కోట్ తెప్పించుకోండి. అది చూశాక కూడా జీటీయే అనిపిస్తే జీటీయే కొనండి, 2.3 కొని ప్రతి సిగ్నల్ దగ్గరా పక్క బండి చప్పుడు వింటూ బాధపడటం ఎందుకు?

ప్రశ్న: టాటా కర్వ్‌నీ సిట్రోయెన్ బసాల్ట్‌నీ కూపే అంటున్నారు. నాలుగు తలుపులున్నాయి కదా, కూపే ఎలా అవుతుంది? టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలి?
ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఫ్రెంచ్‌లో కూపే అంటే కోసినది. గుర్రబ్బగ్గీల కాలంలో పెద్ద బగ్గీని కోసి పొట్టి చేసినట్టుండే దానికి ఆ పేరొచ్చింది. పాత లెక్కన రెండు తలుపులుండాలి. 2024లో వచ్చిన ఈ రెండిట్లో కోసింది టాప్ వెనక భాగాన్నే, ఏటవాలుగా. కాబట్టి చూడాల్సింది కూడా అక్కడే. షోరూం వాళ్లు బండి ఇంటికే తెస్తారు, తాళం మీరు తీసుకునే ముందు ఇంట్లో అందరికంటే పొడుగాయన్ని వెనక కూర్చోబెట్టి, తలకీ టాప్‌కీ మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయో చూడండి. బెంజ్ సర్కిల్ దాకా ఒక్కరే పోయి రాకండి. నలుగురూ ఎక్కి, మీ వీధి స్పీడ్ బ్రేకర్ల మీంచి పోనివ్వండి, వెనకవాళ్ల తల టాప్‌కి తగిలిందేమో అడగండి. కర్వ్ డిక్కీ 500 లీటర్లు, సామాను దండిగా పడుతుంది. వెనక అద్దం మాత్రం బాగా పడుకుని ఉంటుంది, అద్దంలోంచి వెనకొచ్చే ఆటో ఎంత కనబడుతోందో చూసుకోండి, మీరు తీసుకునే వేరియంట్‌లో వెనక వైపర్ ఉందో లేదో కూడా అడగండి.