సీటు ఇప్పిస్తానంటున్న బాబాయికి ఎలా చెప్పాలి?

ప్రశ్న: లాంగ్‌టర్మ్ తీసుకుని నీట్ రాశాను. కన్వీనర్ కోటాలో సీటొచ్చే ర్యాంకు కాదు. కాలేజీ ఛైర్మన్ తనకు బాగా కావాల్సినవాడని, 10 లక్షలు అడ్వాన్స్ ఇస్తే మేనేజ్‌మెంట్ సీటు బ్లాక్ చేయిస్తానని మా బాబాయి అంటున్నారు. అది కుదరకపోతే అమెరికాలో ఉన్న మేనమామ పేరు మీద ఎన్నారై సీటు అట. నాన్న పొలం బేరం పెట్టారు. వద్దంటే బాబాయిని అనుమానించినట్టవుతుందని అమ్మ భయం. నాకు నిద్ర పట్టడం లేదు.
- ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: ముందు పొలం బేరం ఆపించండి. ఛైర్మన్ నిజంగానే మీ బాబాయికి ప్రాణస్నేహితుడు కావచ్చు. అయినా ఆయన చేతిలో సీటు లేదు. ఏ (కన్వీనర్), బీ (మేనేజ్‌మెంట్), సీ (ఎన్నారై) కేటగిరీల్లో ఏదైనా ఇప్పుడు నీట్ ర్యాంకు ప్రకారం విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీయే కౌన్సెలింగ్‌లో కేటాయిస్తుంది. మిగిలిపోయిన సీట్లదీ అదే దారి.

మరి ‘ఇప్పించాం’ అనేవాళ్లు ఎలా బతుకుతున్నారంటారా? పదిమంది దగ్గర అడ్వాన్స్ తీసుకుంటారు. ర్యాంకుతో సొంతంగా సీటు తెచ్చుకున్న ఇద్దరిని తమ ఖాతాలో వేసుకుంటారు. మిగతావాళ్లకు ‘వచ్చే రౌండ్‌లో చూద్దాం’ అంటారు. ఆ డబ్బుకు రసీదు ఉండదు. బహుశా మీ బాబాయికీ ఎవరో మధ్యవర్తి ఇలాగే చెప్పి ఉంటాడు.

మేనమామ సంగతీ అంతే. పంజాబ్‌లో 2024లో బాబాయిలు, మేనమామలు, కజిన్స్ విదేశాల్లో ఉన్నా ఎన్నారై కోటా వర్తిస్తుందని ప్రభుత్వం నిబంధన సడలిస్తే హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టయితే ఇది మోసం అనే అంది. మన దగ్గర ఎవరు అర్హులో ఈ ఏడాది నోటిఫికేషన్‌లో చదవండి. సీటొచ్చినా ఎన్నారై కోటా ఫీజు ఏటా కట్టాలి. మేనమామ ఒక సంతకం పెట్టినందుకు పెళ్లిళ్లలో, పంపకాల్లో అమ్మ ఎన్నేళ్లు తలొంచాలో అదీ ఆలోచించండి.

బాబాయితో మీరు మాట్లాడొద్దు, నాన్నగారే మాట్లాడాలి. ‘నీ మీద నమ్మకం లేక కాదురా, యూనివర్సిటీ అలాట్‌మెంట్ ఆర్డర్ రాగానే ఫీజు కాలేజీ ఖాతాలో కట్టేద్దాం, ఈలోగా ఎవరికీ పైసా వద్దు’ అంటే చాలు. మంచి మనసుతో అన్నవాడైతే నొచ్చుకోడు. నొచ్చుకున్నా, పొలం పోయాక వచ్చే గొడవకంటే ఇది చిన్నదే.

చుట్టరికం పనికొచ్చే చోటు ఒకటుంది. బంధువుల్లో ఈమధ్య ఎంబీబీఎస్‌లో చేరినవాళ్లుంటే వాళ్లతో కూర్చోండి. నిరుడు బీ కేటగిరీలో ఏ కాలేజీలో చివరి సీటు ఏ ర్యాంకుకు వెళ్లిందో చూసి, వెబ్ ఆప్షన్లు వరుసగా పెట్టించుకోండి. డాక్టర్ల ఇళ్లలో పిల్లలకు నిజంగా కలిసొచ్చేది ఇదే.