షికాగోలో ఒక్క రోజే ఉంది: అత్తమామలకు ఊరు చూపించాలా, బేస్‌బాల్ చూపించాలా?

జూన్‌లో అత్తమామలు వస్తున్నారని, షికాగోకు ఒక్క రోజే కుదురుతుందని, మీవారు బేస్‌బాల్ ఆట చూపించి తీరాలంటున్నారని రాశారు. ఆట తెలియని పెద్దవాళ్ళకు మూడు గంటలు కూర్చోవడం శిక్ష కాదా అని మీ ప్రశ్న. ఆట శిక్ష కాదు. ఆట ఉన్న రోజునే ఊరంతా తిప్పేద్దామనుకుంటే మాత్రం అందరికీ శిక్షే.

మేం షికాగో శివారు నేపర్‌విల్‌లో ఉంటాం. రెండేళ్ళ క్రితం అమ్మానాన్నలు తెనాలి నుంచి వచ్చినప్పుడు సరిగ్గా ఇదే పని చేశాం. నాన్నగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, క్రికెట్ అంటే ప్రాణం. అమ్మకు ఏ ఆటా పట్టదు.

ముందు పగటి ఆట ఉన్న రోజు చూసుకోండి. షికాగో కబ్స్ జట్టు ఆడే రిగ్లీ ఫీల్డ్‌లో పగటి ఆటలు చాలావరకు మధ్యాహ్నం 1:20కి మొదలవుతాయి. 1914లో కట్టిన ఆ మైదానానికి ఫ్లడ్‌లైట్లు వచ్చింది 1988లో, అప్పటిదాకా అన్నీ ఎండలోనే ఆడారు. కాబట్టి పొద్దున రెండే రెండు చూపించి, తర్వాత ఆటకు వెళ్ళి, ఆపైన ఇంకేమీ పెట్టుకోకండి. మా జాబితాలో మొదట ఊళ్ళోకెల్లా ఎత్తైన విల్లిస్ టవర్ కూడా ఉండేది. కొట్టేశాను. ఎక్కకపోయినా అది ఊళ్ళో ఎక్కడి నుంచైనా కనిపిస్తూనే ఉంటుంది.

కారు వద్దు. మేం మెట్రా అనే శివారు రైల్లో వచ్చి యూనియన్ స్టేషన్‌లో దిగి, ఎనిమిదిన్నరకల్లా మిలీనియం పార్కుకు చేరాం. అందరూ ‘బీన్’ అని పిలిచే ఆ అద్దంలాంటి చిక్కుడుగింజ శిల్పం దగ్గర అప్పటికింకా జనం లేరు. దాన్ని చేసిన అనీష్ కపూర్ ముంబైలో పుట్టినవాడని చెబితే అమ్మ వెంటనే ఇంకో ఫొటో తీయమంది. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు మాట్లాడిన సర్వమత సభ జరిగింది ఆ భవనంలోనే. ఎదుట రోడ్డుకు ఆయన పేరుతో బోర్డు కూడా ఉంటుంది. అంత పొద్దున్నే మ్యూజియం తెరవరు, మెట్ల దగ్గర నిలబడి చూస్తే మాకు చాలింది.

పది గంటలకు నదిలో పడవ. గంటన్నర పాటు భవనాల కథలు చెబుతూ తిప్పుతారు. ఆ రోజు ఒక్కటే చూడాలంటే నేను దీన్నే చూడమంటాను. పెద్దవాళ్ళు నడవక్కర్లేదు, మెడ ఎత్తి చూస్తే చాలు. నాన్నగారు మాత్రం భవనాలను వదిలేసి నీళ్ళకేసి చూడసాగారు. ఒకప్పుడు ఊరి మురుగంతా ఈ నదిలోంచి మిషిగన్ సరస్సులోకి పోయేదట. ఊరు తాగేదీ ఆ సరస్సు నీళ్ళే. అందుకని 28 మైళ్ళ కాలువను నదికన్నా లోతుగా తవ్వి, 1900లో నది నడకనే వెనక్కి తిప్పేశారు. అప్పటి నుంచి సరస్సు నీళ్ళే నదిలోకి వచ్చి, ఇల్లినాయి నది మీదుగా మిసిసిపీలో కలుస్తున్నాయి. గైడ్ చెప్పింది నేను తెలుగులో వినిపించేసరికి నాన్నగారు ఒక్కసారి నిటారుగా కూర్చున్నారు. “వాలు ఎంత ఇచ్చారో కనుక్కో” అన్నారు. ఆ అమ్మాయి దగ్గర ఆ లెక్క లేదు. పడవ దిగేదాకా ఆయన ప్రకాశం బ్యారేజీకీ దీనికీ పోలికలు చెబుతూనే ఉన్నారు.

మైదానానికి రెడ్ లైన్ రైలెక్కి ఆడిసన్‌లో దిగాలి. ఎక్కడ దిగాలని ఎవరినీ అడగక్కర్లేదు, నీలం చొక్కాల కబ్స్ అభిమానులంతా దిగే చోటే. మామగారికి మోకాళ్ళ నొప్పులన్నారు కదా, ఆ స్టేషన్‌లో లిఫ్టు ఉంది.

టికెట్ల దగ్గర నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. నీడ కావాలని పైకప్పు కింద వెనక వరుసల్లో తీసుకున్నాను. పాతకాలపు కట్టడం కాబట్టి స్తంభాలుంటాయి. టికెట్ మీద ఆ సంగతి రాసే ఉంది, చదవనిది నేనే. అమ్మకూ బంతి విసిరే పిచర్‌కూ మధ్య సరిగ్గా ఒక స్తంభం. మీరు మూడో బేస్ వైపు, అంటే బ్యాటరు పరుగెత్తే నాలుగు మజిలీల్లో మూడోదాని వైపు, మరీ వెనక్కి కాకుండా చూసుకోండి. మధ్యాహ్నం నీడ ముందుగా ఆ వైపే వస్తుంది.

ఆట అర్థమవుతుందా అని కదా మీ అసలు భయం. రైల్లో ఐదు నిమిషాలు చెప్పాను: ఓవర్లు లేవు, ముగ్గురు అవుటైతే అవతలివాళ్ళు బ్యాటింగ్‌కు వస్తారు, అలా రెండు జట్లూ తొమ్మిదేసిసార్లు (అదే తొమ్మిది ఇన్నింగ్స్), డ్రా అన్న మాట లేదు. నాన్నగారు అన్నింటికీ తలూపారు గానీ, వెనక్కి వెళ్ళిన బంతికి విలువ లేకపోవడాన్ని మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. “అంత చక్కని లేట్ కట్‌కు పరుగులివ్వరా?” అని నన్నే నిలదీశారు. గోడనిండా అల్లుకున్న ఐవీ తీగలో బంతి చిక్కుకుంటే ఫీల్డర్ రెండు చేతులూ పైకెత్తుతాడు, అప్పుడు కొట్టినవాడికి రెండు బేసులు. ఇది విని ఆయన గట్టిగా నవ్వారు. చిన్నప్పుడు వాళ్ళ వీధిలో వేపచెట్టు కొమ్మల్లో బంతి ఇరుక్కుంటే రెండు పరుగులట.

నాలుగో ఇన్నింగ్స్‌లో ఒక బంతి మా వెనక వరుసల్లో పడింది. పట్టుకున్నాయన దాన్ని పక్కనున్న పిల్లవాడి చేతిలో పెట్టాడు. బంతి తిరిగివ్వకపోవడం నాన్నగారికి మింగుడుపడలేదు. కాసేపటికి ప్రత్యర్థి జట్టువాడు హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొడితే, ఎదురుగా ఉన్న జనం ఆ బంతిని మైదానంలోకి విసిరేశారు. అది అక్కడి ఆచారం. “మనవాళ్ళు కొడితే దాచుకుంటారు, వాళ్ళు కొడితే మొహాన కొడతారన్న మాట, బాగుంది” అన్నారు.

అమ్మకు గుర్తుండిపోయింది ఏడో ఇన్నింగ్స్ మధ్య విరామం. మైదానమంతా లేచి పాట అందుకుంటుంది. అమ్మ జాతీయ గీతం అనుకుని గబగబా లేచి, చేతులు కట్టుకుని కదలకుండా నిలబడింది. చుట్టుపక్కలవాళ్ళు ఊగుతూ పాడుతుంటే నా చెవిలో, “ఆట మొదలవక ముందు ఒకసారి పాడారు కదా, మళ్ళీ ఏమిటి?” అంది.

తిండికి ఇబ్బంది లేదు. మా పులిహోర పొట్లాలను గేటు దగ్గర చూసి లోపలికి పంపారు. సంచి కొలతలు, తిండి నియమాలు మాత్రం ముందురోజు వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోండి. జూన్ అయినా అత్తగారికి స్వెట్టరు తప్పనిసరి. సరస్సు మీది గాలి తిరిగితే మిట్టమధ్యాహ్నం కూడా వణుకు పుడుతుంది.

ఆట అయ్యాక వెంటనే లేవకండి, అరగంట కూర్చోండి. స్టేషన్ దగ్గర తొక్కిసలాట తగ్గుతుంది. ఇప్పటికీ మనుషులే లోపలుండి అంకెలు మార్చే స్కోరుబోర్డును తీరిగ్గా చూడొచ్చు. కబ్స్ గెలిస్తే దాని మీద తెల్లజెండా ఎగురుతుంది, నీలం రంగు ‘డబ్ల్యూ’ అక్షరంతో. రైల్లో వెళ్ళేవాళ్ళకు కూడా ఫలితం తెలియాలని పెట్టిన పద్ధతి అది. మేం వెళ్ళిన రోజు ఓడిపోయారు. తిరుగు రైల్లో నాన్నగారు కిటికీలోంచి, ఓడితే ఎగరేసే ‘ఎల్’ జెండా అమ్మకు చూపించి, మూడో బేస్ దగ్గర ఆ కుర్రాడు పరుగుకు వెళ్ళకుండా ఉండాల్సిందని నేపర్‌విల్ దాకా వివరిస్తూనే ఉన్నారు.