సర్వర్ స్లో అని రాసిస్తే లేటు బిడ్ తీసుకుంటారా?

మీరు అడిగింది ఇది: ప్రభుత్వ టెండర్‌కి ఆన్‌లైన్‌లో బిడ్ వేశారు, గడువు దాటిన నాలుగు నిమిషాలకు అప్‌లోడ్ పూర్తయింది, సర్వర్ స్లోగా ఉందని లెటర్ రాసిస్తే మీ బిడ్ చూస్తారా అని.

చూడరు. లెటర్ రాయాలనిపిస్తే రాయండి, పోయేదేం లేదు, ఒక కాగితం. పదిహేనేళ్లకు పైగా టెండర్ ఫైళ్లు మోస్తున్నాను. ఇన్నేళ్లలో లేటుగా వచ్చిన బిడ్‌ని తీసుకోవడం ఒక్కసారి కూడా చూడలేదు. నా సంగతే చెబుతాను, తర్వాత మీ లెటర్ గురించి మాట్లాడదాం.

అవి సీల్డ్ కవర్ రోజులు. లక్క ముద్ర వేసి, టెండర్ బాక్స్‌లో మనమే వెళ్లి పడేయాలి. మూడింటికి బాక్స్ మూసేస్తారు. మా ఓనర్ గారికి ఒక జబ్బు ఉంది, రేటు ఎవరికీ ముందుగా చెప్పరు. లీకవుతుందని భయం. టైపిస్టు మీద అనుమానం, జిరాక్స్ తీసే కుర్రాడి మీద అనుమానం, పైకి అనరు గానీ నా మీద కూడా. అందుకని ఫైలంతా పది రోజుల ముందే రెడీ అయినా రేటు కాలమ్ మాత్రం ఖాళీగా ఉండేది. ఆఖరి రోజు ఆయన చెబితే నేను చేత్తో రాయాలి.

ఆ రోజు పదకొండింటికి రేట్లు చెప్పారు. రాశాను, సంతకాలయ్యాయి, కవర్ అంటించాను. సగం దారిలో ఉండగా ఫోన్. "ఆ మూడో ఐటమ్ కొంచెం తగ్గిద్దాం, వాళ్లు బాగా తక్కువ వేస్తారనిపిస్తోంది." మూడో ఐటమ్ మారిస్తే మొత్తం మారుతుంది. మొత్తం మారితే అంకెల్లోనూ మార్చాలి, అక్షరాల్లోనూ మార్చాలి. రెండింటికీ తేడా వస్తే మామూలుగా అక్షరాల్లో ఉన్నదే లెక్క, అది ఇంకో ప్రమాదం. కొట్టివేసిన ప్రతిచోటా ఓనర్ గారి పొట్టి సంతకం, స్టాంపు ఉండాలి. స్టాంపు ఆఫీసులో ఉంది. వెనక్కి తిప్పాను.

గేటు దగ్గరికి వచ్చేసరికి రెండూ నలభై. రిజిస్టర్‌లో పేరు, ఎవర్ని కలవాలి, ఎందుకు, సంతకం. రెండో అంతస్తుకు పరుగెత్తాను. అక్కడ బాక్స్ లేదు. మూడు రోజుల కిందటే కారిజెండం, అంటే టెండర్‌లో మార్పుల నోటీసు, ఇచ్చి పక్క బ్లాక్ నాలుగో అంతస్తుకి మార్చారట. ఆ కాగితం నోటీస్ బోర్డు మీద ఉందట. నేను చూడలేదు. చూడాల్సింది, అది నా తప్పే, కానీ గది మార్చినప్పుడు పాత గది తలుపు మీద ఒక బాణం గుర్తు గీయడానికి ఎంత సేపు పడుతుందండీ?

లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లెక్కాను. వెళ్లేసరికి క్లర్క్ గారు బాక్స్ నోటి మీద కాగితం అంటించి దాని మీద సంతకం చేస్తున్నారు. జిగురు ఇంకా తడిగానే ఉంది, ఆ మెరుపు ఇప్పటికీ కళ్లలో ఉంది. నా వాచీలో రెండూ యాభై తొమ్మిది. గోడ మీద మూడూ మూడు.

"ఏవండీ, నా వాచీ చూడండి, ఇంకా నిమిషం ఉంది."

"ఇక్కడ ఆ గడియారమే టైమ్ బాబూ."

బతిమాలాను. కవర్ బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు, ఒక వేలు కూడా వేయలేదు. మిగతా కంపెనీల వాళ్లు కుర్చీల్లో కూర్చుని నా వంకే చూస్తున్నారు, పెళ్లికి పిలవకుండా వచ్చినవాణ్ని చూసినట్టు. వెళ్లిపోలేక గుమ్మం దగ్గర నిలబడ్డాను. నన్ను ఎవరూ పొమ్మనలేదు. కవర్లు విప్పి ఒక్కొక్క రేటూ చదివారు. మా కవర్ చంకలో ఉంది. ఎల్ వన్‌గా వచ్చినవాళ్ల, అంటే అందరికంటే తక్కువ వేసినవాళ్ల, రేటు మేం పదకొండింటికి రాసిన మొదటి రేటు కంటే ఎక్కువ. ఆ తగ్గింపు అసలు అక్కర్లేదు. దాని కోసమే వెనక్కి వెళ్లాం.

క్లర్క్ గారిని రెండు మూడేళ్లు తిట్టుకున్నాను. ఇప్పుడు మాత్రం ఆయన చేసిందే కరెక్టు అంటాను. నా కోసం ఆ కాగితం చింపితే మూడూ పదికి వచ్చినవాడికీ చింపాలి. ఒకసారి పక్కవాళ్ల కవర్లు విప్పాక వచ్చే కవర్‌లో ఏ రేటు ఉంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇది మన దేశపు చాదస్తం కూడా కాదు. ఇండియాలో జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో 165వ రూల్ ఒక్క ముక్కలో చెబుతుంది, లేటు బిడ్లు పరిగణించకూడదని. ఐక్యరాజ్యసమితి తయారు చేసిన 2011 నమూనా చట్టమైతే విప్పకుండానే తిరిగి ఇచ్చేయమంటుంది. బ్రిటన్‌లో 2009లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ అసలు టెండర్ టైమ్‌కే వేసి, జతచేయాల్సిన కొన్ని కాగితాలు గడువు దాటాక ఈమెయిల్‌లో పంపింది. డెవన్ కౌంటీ కౌన్సిల్ కుదరదంది, కోర్టు కూడా కౌన్సిల్ వైపే నిలబడింది.

సర్వర్ సాకు గెలిచిన కేసు లేదా అంటే ఉంది. అమెరికాలో 2013లో ఇన్‌సైట్ సిస్టమ్స్ కేసు. అక్కడ బిడ్ ఈమెయిల్స్ టైమ్‌కే ప్రభుత్వ సర్వర్‌కి చేరాయి, లోపల్లోపల ఇరుక్కుపోయి అధికారి ఇన్‌బాక్స్‌కి లేటుగా వచ్చాయి. కోర్టు బిడ్డర్ పక్షాన చెప్పింది. తేడా గమనించండి. వాళ్ల బిడ్ గడువులోపే అవతలి గడప దాటింది. మీది దాటలేదు. మీరు బటన్ ఎప్పుడు నొక్కారని ఎవరూ అడగరు, ఎప్పుడు చేరిందనేదే లెక్క, అదీ పోర్టల్ గడియారం ప్రకారం. నా వాచీకి పట్టిన గతే మీ కంప్యూటర్ టైమ్‌కీ పడుతుంది.

పోర్టల్ నిజంగానే అందరికీ ఆగిపోతే డిపార్ట్‌మెంట్ అందరికీ కలిపి గడువు పెంచుతుంది. దానికి గడువు దాటకముందే హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసి, ఫిర్యాదు టికెట్ నంబర్ తీసుకుని, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్‌తో మెయిల్ పెట్టాలి. దాటాక పెట్టే మెయిల్ ఏడుపు కిందే లెక్క.

ఇక నా కోపమంతా వేరే చోట ఉంది. మనకు నిమిషం కూడా ఇవ్వరు, మూడున్నరకు విప్పుతామన్న బిడ్లు మాత్రం కమిటీలో ఒకాయన రాలేదని సాయంత్రం దాకా విప్పరు. ఆఖరి రోజు ముందు రాత్రి కారిజెండం పెడతారు, అందులో రేట్ల షీటే మారిపోతుంది. వంద పేజీల ఫైలు అడుగుతారు, అప్‌లోడ్ సైజు చూస్తే పది పేజీలకే నిండిపోతుంది. స్కాన్ కుదించి కుదించి ఆఖరికి సంతకం కూడా కనపడకుండా పోతుంది, అస్పష్టంగా ఉందని దాన్నీ తిప్పి కొడతారు.

అయినా మీ నాలుగు నిమిషాలు పోయింది అప్‌లోడ్‌లో కాదని నా నమ్మకం. ఆ రోజు మీ ఆఫీసులో రేటు ఎన్నింటికి ఖరారయిందో ఒకసారి అడిగి చూడండి. నేను చూసిన ప్రతి లేటు బిడ్ వెనకా ఆఖరి గంటలో రేటు మార్చిన ఒక పెద్దమనిషి ఉన్నాడు. పేరు మాత్రం సర్వర్‌ది, లేకపోతే డిజిటల్ సంతకం పెట్టే కీది.

ఇప్పుడు నేను చేసేది ఇదీ. ముందు రోజు సాయంత్రానికే ఏదో ఒక రేటు చెప్పించుకుని బిడ్ సబ్మిట్ చేసేస్తాను. చాలా పోర్టల్స్‌లో గడువులోపు మార్చి మళ్లీ వేసుకోవచ్చు. విత్‌డ్రా బటన్ జోలికి మాత్రం పోకండి, కొన్నిచోట్ల అది నొక్కితే ఇక ఆ టెండర్‌లో మళ్లీ వేయనివ్వదు. మా ఓనర్ గారు ఇప్పటికీ ఆఖరి గంటలో ఫోన్ చేస్తారు, కొంచెం తగ్గిద్దామా అని. టైముంటే మారుస్తాను. లేకపోతే "అప్‌లోడ్ అవుతోంది సార్, ఇప్పుడు కదిపితే పోతుంది" అంటాను.