మొదటి సీజన్‌లో నీ విల్లు ఇంట్లోనే పెట్టు తమ్ముడూ

"అక్కా, ఈసారి సీజన్‌కి మా ఆవిడని కూడా జింకల వేటకి తీసకపోవాలనుకుంటుండా. ఎట్ట మొదలుపెట్టమంటావు?"

అడిగింది కావలి పిల్లోడు, నాకు వరసకి తమ్ముడు. అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ దగ్గర ఉద్యోగం. ఆఫీసులో వాళ్ళతో తిరిగి విల్లువేట నేర్చుకున్నాడు. మాఘమాసంలో పెళ్ళయింది, అమ్మాయిది దర్శి. హెచ్1 మీద ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే హెచ్4 వీసా స్టాంపింగ్ కూడా అయిపోయింది. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మా అమ్మావాళ్ళింటికి ఇద్దరూ భోజనానికొస్తే, చేపల పులుసు వడ్డిస్తుండగా వచ్చిన ప్రశ్న ఇది. పక్కనున్న మరదలు మాత్రం, "ఇంట్లో కోడిని కోస్తుంటేనే నేను పెరట్లోకి పోను వదినా" అంది.

ఆ పూట వాళ్ళకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. ఆడవాళ్ళే వేటాడుతూ మొగుణ్ణి లాక్కెళ్ళే ఇళ్ళు కూడా ఉన్నాయి, మా ఇల్లే అట్టాంటిది. అలాంటివాళ్ళు ఆమె అన్నచోటల్లా అతను అని చదువుకోండి.

ముందు అసలు మాట. ఆమెని తీసుకెళ్ళిన రోజు నీ విల్లు తీసుకెళ్ళొద్దు. మొదటి సీజన్ అంతా ఇదే నియమం. రెండు విల్లులు పట్టుకొని కూర్చున్నారనుకో, మగజింక కనపడంగానే నీ గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. ఆమె చెయ్యి వణుకుతోందా, ఆమెకి చలేస్తోందా, అసలామెకి కొట్టాలని ఉందా లేదా అన్నవి నీకు గుర్తుండవు. "ఊఁ, కొట్టు కొట్టు" అని గుసగుసలాడతావు, లేదా "నువ్వు ఆగు, నేను కొడతా" అంటావు. ఏదన్నా ఆమెకి అది నీ వేటే అవుతుంది, తను నీ సంచి మోయడానికొచ్చిన మనిషి అవుతుంది. వేట వదిలేసిన భార్యాభర్తల్ని చాలామందిని చూశాను. జంతువుని చంపలేక మానేసినవాళ్ళు తక్కువ. చలికీ, సరిపోని విల్లుకీ, పక్కన కూర్చొని ఆజ్ఞలేసే మనిషికీ విసుగొచ్చి మానేసినవాళ్ళే ఎక్కువ.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తా. హెచ్1, హెచ్4, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీగానీ తూటాలుగానీ దగ్గరుంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు చేతిలో ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది కానీ, లాయరుతో మాట్లాడకుండా ఆ మినహాయింపుని నమ్ముకొని తుపాకీ ముట్టుకోవద్దు. విల్లు ఆ చట్టం కిందికి రాదు. కొత్తగా వెళ్ళినవాళ్ళకి విల్లే మంచిదని నేననడానికి ఇదొక కారణం. పెన్సిల్వేనియాలో ఇదివరకు లైసెన్సు లేనివాళ్ళు, వయసెంతైనా సరే, వేటగాళ్ళ శిక్షణ కోర్సు పాసవ్వాలి. మెంటర్ పర్మిట్ అని ఒకటుంది. లైసెన్సున్న, 21 ఏళ్ళు నిండిన మనిషి పక్కనుంటే కోర్సు లేకుండానే వేటాడనిస్తారు. అయినా మరదలు కోర్సు చేస్తేనే మేలు. నువ్వు చెప్పే జాగ్రత్తలు మొగుడి సణుగుడులాగా వినపడతాయి, అవే మాటలు ఇన్‌స్ట్రక్టర్ చెబితే పాఠమవుతాయి. లైసెన్సు కొనేటప్పుడు సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతారు. హెచ్4 మీద వర్క్ పర్మిట్ లేనివాళ్ళకి ఆ నంబరు ఉండదు గనక, సీజన్ ముందురోజు పరిగెత్తకుండా వేసవిలోనే కౌంటర్‌కి పోయి ఏ కాగితాలు కావాలో కనుక్కోండి. వేట నిబంధన దాటితే ఫైన్ కట్టేసి వచ్చేద్దాంలే అనుకోవద్దు. వీసా ఫారంలో అరెస్టుల గురించీ నేరాల గురించీ అడిగే ప్రశ్న ఎప్పటికీ ఉంటుంది.

ఇక విల్లు. ఇక్కడే చాలామంది మొగుళ్ళు పిసినారితనం చూపిస్తారు. "నా పాతది ఉంది కదా, దాంతో నేర్చుకుంటుందిలే" అంటారు. చేతులు రెండు పక్కలకీ బారచాపి, ఒక వేలికొస నుంచి ఇంకో వేలికొస దాకా కొలిచి, ఆ అంగుళాల్ని రెండున్నరతో భాగిస్తే నారి ఎంత దూరం లాగాలో సుమారుగా తెలుస్తుంది. ఐదడుగుల రెండంగుళాల అమ్మాయికి అది 25 అంగుళాల దగ్గరుంటుంది. ఆరడుగుల మొగుడిది 29 దగ్గరుంటుంది. ఆ విల్లు ఆమె లాగితే నారి చెవి వెనక్కి పోతుంది, ముంజేతిని నారి ఈడ్చి కొడుతుంది, వాత తేలుతుంది. ఆ ఒక్క దెబ్బతో విల్లంటేనే భయం పట్టుకుంటుంది.

పౌండ్ల లెక్కా అంతే. పెన్సిల్వేనియాలో జింక వేటకి విల్లు బిగువు, అంటే నారి లాగడానికి పట్టే బలం, కనీసం 35 పౌండ్లుండాలి. మొదట అంతకంటే తక్కువలో పెట్టి గురి నేర్పించు, కొసలకి చక్రాలుండే కాంపౌండ్ విల్లుకి బోల్టులు తిప్పి మెల్లగా పెంచుకోవచ్చు. సరిపోయిందో లేదో తెలుసుకోడానికి ఒక పరీక్ష ఉంది. కుర్చీలో కూర్చొని, కాళ్ళు ముందుకి చాపి, విల్లుని ఆకాశం వైపు ఎత్తకుండా నింపాదిగా లాగగలగాలి. లాగలేకపోతే బిగువు ఎక్కువైనట్టే. కాంపౌండ్‌లో సుఖమేమిటంటే, పూర్తిగా లాగాక చక్రాలు తిరిగి బరువు తేలిపోతుంది. 80 శాతం తగ్గే విల్లయితే 40 పౌండ్లు లాగినా పట్టుకొని నిలబడాల్సింది 8 పౌండ్లే. తక్కువ బిగువు విల్లుకి బాణం మొనగా తగిలాక విచ్చుకునే రకం వద్దు, కదలని రెండు బ్లేళ్ళ బ్రాడ్‌హెడ్ పెట్టు. విచ్చుకోడానికే కొంత బలం పోతుంది మరి. భుజం నొప్పులున్నవాళ్ళు తుపాకీలాగా పట్టుకొని ట్రిగ్గర్ నొక్కే క్రాస్‌బో పట్టుకున్నా నామోషీ ఏం లేదు, అక్కడ విల్లు సీజన్‌లో దాన్నీ ఒప్పుకుంటారు.

ఏ కన్ను బలమైనదో కూడా చూడాలి. రెండు చేతులతో చిన్న కంత చేసి, అందులోంచి దూరంగా ఉన్న గడియారాన్ని చూస్తూ ఒక్కో కన్నూ మూయమను. ఏ కన్ను తెరిచున్నప్పుడు గడియారం కంతలోనే ఉంటుందో అదే గురి కన్ను. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను బలంగా ఉన్నవాళ్ళు ఉంటారు. అది తెలీకుండా నేర్పిస్తే బాణాలన్నీ పక్కకే పోతాయి, "నీకు రాదులే" అనే మాట మొగుడి నోట్లోంచి వచ్చేస్తుంది.

అక్కడి షాపులవాళ్ళు మనవాళ్ళకి చెప్పనిది ఒకటుంది. నల్లపూసలు, తాళి, వేలాడే జూకాలు, వదులు జడ, చున్నీ ఇవన్నీ నారికి తగులుకునేవే. తాళి తీయడం ఇష్టం లేకపోతే లోపలికి వేసుకొని, పైన బిగుతుగా ఛాతీ పట్టీ కట్టుకోవాలి. గాజులు విల్లు పట్టే చేతికి వద్దు. బాణం పెట్టకుండా నారి లాగి వదలకూడదన్నది మొదటిరోజే చెప్పు. శక్తంతా విల్లులోనే పేలి దాని పై, కింది బద్దలు విరుగుతాయి. ఇంటికొచ్చిన చుట్టాలు "ఏదీ ఒకసారి" అని తీసుకొని చేసే పని అదే, అందుకే విల్లు పెట్టెలో ఉండాలి.

పది గజాల నుంచి మొదలెట్టి, ఆమె బాణాలన్నీ అన్నం తినే పళ్ళెమంత చోట పడేదాకా దూరం పెంచొద్దు. మొదటి వేటకి 20 గజాలు చాలు. విల్లు మగాళ్ళ సొత్తని ఎవరన్నా అంటే విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ పేరు చెప్పండి. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది, అదీ కాంపౌండ్ విల్లుతోనే. మన దగ్గరే చూసుకుంటే పెంచలకోన ఉంది. ఉగ్రం తగ్గక వెలిగొండల్లో తిరుగుతున్న నరసింహస్వామి చెంచులక్ష్మిని చూసి మనసుపడ్డాడని కదా స్థలపురాణం. అక్కడ వేట వచ్చింది ఆవిడకే. ఆదిలక్ష్మమ్మ అలిగి దూరంగా కూర్చున్న కథ ఇంకో రోజు చెప్పుకుందాం.

చెట్టు మీద కట్టే స్టాండ్ మొదటి సీజన్‌లో వద్దే వద్దు. విల్లువేటలో జనం ఎక్కువగా దెబ్బలు తగిలించుకునేది అక్కణ్ణుంచి పడే. ఎక్కే రోజొస్తే ఒంటికి పూర్తి హార్నెస్, అంటే పడకుండా ఆపే బెల్టుల కట్టు, వేసుకొని, నేలమీద అడుగు ఎత్తినప్పటి నుంచి తాడుకి తగిలించుకోవాలి. ఇప్పటికి నేలమీద గుడారంలా ఉండే బ్లైండ్ చాలు. ఇద్దరికీ రెండు కుర్చీలు పడతాయి, కదిలినా జింకకి కనపడదు, చెవిలో మాట్లాడుకోవచ్చు.

రోహిణి కార్తెలో పుట్టి పెరిగిన ఒళ్ళు మనది. నవంబరు తెల్లవారుజామున అక్కడ కదలకుండా కూర్చోవడమంటే మామూలు మాట కాదు. నడిచేటప్పుడు పట్టే చెమట కాటన్ బనియన్‌లో ఉండిపోయి, కూర్చున్నాక అదే చలి పుట్టిస్తుంది. ఒంటికానుకొని ఉన్నిదే వేసుకోవాలి, మెరినో అని అమ్ముతారు. బూట్లు కొంచెం వదులుగా ఉండాలి, బిగుసుకుంటే వేళ్ళు మొద్దుబారతాయి. నీకు 300 డాలర్ల జాకెట్టు, ఆమెకి నీ పాత స్వెటరూ అయితే నేను పెట్టిన చేపల పులుసు నీకు దండగ. పాస్ పోయడానికి ఏర్పాటేంటో కూడా ముందే మాట్లాడుకోండి. సిగ్గుపడి నీళ్ళు తాగకుండా కూర్చొని తలనొప్పి తెచ్చుకునే ఆడపిల్లలున్నారు. కారుకి దగ్గర్లో బ్లైండ్ వేస్తే సగం సమస్య తీరుతుంది. "పోదామా" అని ఆమె అన్న నిమిషమే లేవాలి, "ఇంకో పది నిమిషాలు" అనకూడదు.

జింక ముక్కు గురించి మన ఇళ్ళల్లో ప్రత్యేకంగా చెప్పాలి. అపార్టుమెంట్‌లో తాలింపు వేస్తే కోటుకి పట్టిన ఇంగువ వాసన వారం పోదు. వేట బట్టలు మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి కారు డిక్కీలో ఉంచండి. ఆ పొద్దున కొబ్బరినూనె, అగరొత్తులు వద్దు. ఇంత చేసినా గాలి మీ వైపు నుంచి జింక వైపు వీస్తే లాభం లేదు, చోటు మార్చుకోవాల్సిందే. తిరిగొచ్చాక పేలలాంటి టిక్ పురుగుల కోసం ఒళ్ళంతా చూసుకోవాలి. అవి కుడితే వచ్చే లైమ్ జబ్బు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో పెన్సిల్వేనియా ఒకటి.

పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల విల్లు సీజన్ సెప్టెంబరు మధ్యలోనే మొదలవుతుంది, రాష్ట్రంలో మిగతాచోట్ల చాలావరకు అక్టోబరులో. ఆ వెచ్చటి రోజులే కొత్తవాళ్ళకి మంచివి. ఊళ్ళో జింకలు అంతగా పెరిగిపోయాయి కాబట్టే 2023 నుంచి నగరం పార్కులు కొన్నింట్లో కూడా విల్లువేటకి అనుమతిస్తున్నారు. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ తర్వాత తుపాకుల సీజన్ మొదలయ్యే రోజుల్లో మాత్రం ఆమెని తీసుకెళ్ళొద్దు.

జింక వచ్చిందనుకో. పక్కకి తిరిగి నిలబడాలి, లేదా కొంచెం అవతలికి తిరిగుండాలి. ముందుకాలు వెనకగా, ఒంటి ఎత్తులో కిందినుంచి మూడోవంతు దగ్గర గురి. ఎదురుగా మన వైపు చూస్తుంటే వదలకూడదు. ఇవన్నీ ఆమెకి ముందే వచ్చుండాలి, ఎందుకంటే ఆ క్షణంలో నువ్వు మాట్లాడకూడదు. ఆమె నారి లాగి, చూసి, మెల్లగా దించేసిందంటే అది ఆమె తీర్పు. "ఎందుకు కొట్టలేదు?" అని ఆరోజు అడగొద్దు, మర్నాడు కూడా అడగొద్దు. చెప్పాలనిపిస్తే తనే చెబుతుంది.

కొట్టిందంటే అప్పుడు నీ పని మొదలు. లేచి పరిగెత్తొద్దు. బాణం చూడండి. నురుగుతో గులాబీరంగు రక్తముంటే ఊపిరితిత్తులకి తగిలినట్టు, అరగంట ఆగి వెతకండి. ముదురు రంగులో పసరు కలిసుంటే పొట్టకి తగిలింది, ఎనిమిది గంటలకి పైనే ఆగాలి, వెంటబడితే అది ఇంకా దూరం పోతుంది. ఏడుపొస్తే ఏడవనీ. మా ఆయన ఏడ్చాడు, ఇప్పటికీ వేటాడుతున్నాడు. దొరికిన జింకని కదిలించకముందే లైసెన్సుతో ఇచ్చే ట్యాగ్ చీటీ కట్టాలి, పది రోజుల్లోపల వేట శాఖకి తెలియజేయాలి. పొట్ట కోసి శుభ్రం చేసే పని మొదటిసారి నువ్వే చెయ్యి, ఆమె చూస్తానంటేనే చూపించు.

మన ఇళ్ళల్లో అసలు చిక్కు పంచాంగంతో వస్తుంది. మగజింకలు ఒళ్ళు మరిచి తిరిగేది నవంబరులో, అదేమో కార్తీకమాసం. అది దాటితే నీ అయ్యప్ప మాల. మరదలు కార్తీకం పాటిస్తే ఆ నెల ఆపేయండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆడజింక దొరికినా పండగే. దానికి వేరే లైసెన్సు తీసుకోవాలని మర్చిపోవద్దు. కడుపుతో ఉన్నదాని మొగుడు ప్రాణి హింస చెయ్యకూడదని దర్శి నుంచి అత్తగారు ఫోను చేస్తే వాదించకండి. ఒక సీజన్ పోతే జింకలేం అయిపోవు. ఫొటోలు కుటుంబం గ్రూపులో పెట్టొద్దు. ఉదయగిరి కొండల్లో దుప్పిని కొడితే జైలు, 1972 చట్టం ఉంది. అక్కడ చేసేది లైసెన్సు మీద చేస్తున్నామని ప్రతి బాబాయికీ విడివిడిగా చెప్పుకుంటూ కూర్చోవాలి. సెలవులకొచ్చినప్పుడు ఇక్కడి అడవిలో ప్రతాపం చూపిద్దామన్న ఆలోచన అసలే వద్దు.

తినకపోతే ఏం చేస్తామని మరదలు అడిగింది. అక్కడ హంటర్స్ షేరింగ్ ది హార్వెస్ట్ అని ఉంది, జింకని వాళ్ళ కసాయికిస్తే మాంసం పేదల ఫుడ్ బ్యాంకులకి చేరుతుంది. తినేట్టయితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి, జింకకి కొవ్వు ఉండదు. వెన్నుపక్క మాంసం సన్నగా కోసి మిరియాలతో వేపుడు, పెనం మీద కాసేపే. తొడ మాంసం కుక్కర్లో మెత్తగా ఉడికించి గోంగూరలో వెయ్యండి, నూనె మాత్రం మటన్‌కి వేసేదానికన్నా ఒక గరిటె ఎక్కువ.